లూజ్ సిగరెట్ దగ్గర ఆగిపోయిన చట్టం

తెల్లవారుజామున నాలుగున్నర. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ గేటులోకి వెనక్కి వస్తున్న డీసీఎం వ్యానుకు దారిస్తూ మీరు గోడవారకు ఒదిగి నిలబడ్డారు. బతుకమ్మకు ముందు రోజులు. షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి రాత్రంతా బండ్లు దిగుతూనే ఉన్నాయి. షెడ్ల కింద బంతి, చామంతి నడుమెత్తు గుట్టలు. పక్కన తడి గోనెపట్టా కప్పిన గునుగు, తంగేడు కట్టలు. కాళ్ల కింద నలిగిన బంతి రేకుల ఘాటు ముక్కుకు తగులుతోంది. కాంటా దగ్గర ఒకరు తూకం చెబుతుంటే ఇంకొకరు చీటీ రాస్తున్నారు. "జరుగన్నా, జరుగు" అంటూ తల మీద బస్తాతో ఒక హమాలీ మిమ్మల్ని రాసుకుంటూ పోతాడు.

నాలుగు బస్తాలు దించాక ఆయనకు కొంచెం సందు దొరికింది. మెడలోని తువ్వాలతో ముఖం తుడుచుకుని గేటు బయటికి నడుస్తున్నాడు. మీరూ ఆయన వెంటే వెళ్లండి.

రోడ్డు అవతల పాన్ డబ్బా. మనిషి మఠం వేసుకుని కూర్చుంటే ఇక చోటు మిగలదు. ముందు వైపు పాన్ మసాలా, జర్దా, ఖైనీ పొట్లాలు పట్టీలు పట్టీలుగా వేలాడుతున్నాయి. వాటి వెనక అద్దాల అరలో సిగరెట్ పెట్టెలు. ప్రతి పెట్టె మీదా క్యాన్సర్ పుండు పడిన మనిషి బొమ్మ. కాస్త వంగి చూస్తే కనిపిస్తుంది. కానీ ఆ అరలోంచి కొనేవాళ్లు తక్కువ. డబ్బా యజమాని చేయి తన మోకాలి పక్కకు పోతుంది. అక్కడ మూత తెరిచిన పెట్టె ఒకటి ఉంది. అందులోంచి ఒక్క సిగరెట్ పైకి వస్తుంది. హమాలీ చిల్లర అక్కడ పెట్టి, పక్కనే దారానికి కట్టి ఉన్న లైటర్ అందుకుంటాడు. మొత్తం వ్యవహారానికి పది సెకన్లు కూడా పట్టలేదు.

"పెట్టె మీద బొమ్మ చూస్తే భయం కాదా అన్నా?" అని అడగండి.

"బొమ్మనా? నేను పెట్టెను ఎప్పుడు చూసిన?" అంటాడాయన. పొగ వదిలి, "ఒక్క దమ్ము కొడితెనే బస్తా లేస్తది" అని మళ్లీ గేటు వైపు తిరుగుతాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. తెల్ల కాగితంలో చుట్టిన ఆ ఒక్క సిగరెట్ మీద బొమ్మ లేదు, హెచ్చరిక లేదు, మానేయాలనుకునే వాళ్లకు సాయం చేసే ఫోన్ నంబరూ లేదు. అవన్నీ పెట్టె మీదే ఉన్నాయి. పెట్టె డబ్బా యజమాని మోకాలి పక్కనే ఉండిపోయింది.

ఆ బొమ్మ పెట్టె మీదికి ఊరికే రాలేదు. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో పార్లమెంటు గడప దాటింది. అప్పుడు కేంద్ర ఆరోగ్య మంత్రి సుష్మా స్వరాజ్. తెలంగాణ బిల్లు సమయంలో ఈ చిన్నమ్మను కూడా గుర్తుపెట్టుకోండి అని మనవాళ్లను అడిగిన సుష్మా స్వరాజే. బొమ్మ హెచ్చరిక మొదలు కావడానికి 2009 మే 31 దాకా పట్టింది. అదీ పెట్టె ముందు వైపు 40 శాతం మేరే. దాన్ని రెండు వైపులా 85 శాతానికి పెంచుతామని కేంద్రం ప్రకటిస్తే, 2015లో లోక్‌సభ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ ఆపమని సిఫారసు చేసింది. పొగాకు వల్లే క్యాన్సర్ వస్తుందని చెప్పే భారతీయ అధ్యయనం లేదని ఆ కమిటీ అధ్యక్షుడు, బీజేపీ ఎంపీ దిలీప్ గాంధీ అన్నారు. అదే కమిటీలో బీడీ వ్యాపారి అయిన శ్యామాచరణ్ గుప్తా కూడా సభ్యుడు. దేశమంతా డాక్టర్లు మండిపడ్డారు. చివరికి 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతం బొమ్మ వచ్చింది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధనను కొట్టేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చి బొమ్మను నిలబెట్టింది.

పార్లమెంటు, రెండు కోర్టులు, ఇన్నేళ్ల తగవు. ఇంతా చేసి గెలుచుకున్న హెచ్చరిక గుడిమల్కాపూర్ పాన్ డబ్బా దగ్గర ఒక్క సిగరెట్ అమ్మకంతో పనికిరాకుండా పోతోంది. మన పొగాకు చట్టానికి పడిన అతి పెద్ద చిల్లు ఇదే.

"పెట్టె మొత్తం కొనేటోళ్లు ఎక్కడున్నరు సాబ్?" డబ్బా యజమాని మీ మాట వింటూ అంటాడు. "ఒకటి, రెండు. గంతే. పైసలున్నోడు సుత ఒక్కటే అడుగుతడు. పెట్టె జేబుల ఉంటె ఇంట్ల దొరికిపోతడని."

ఐదున్నర. పక్కనే చాయ్ బండి. గాజు గ్లాసు చేతికిచ్చిన పెద్దాయన బెంచీ మీద మీకు చోటు చూపిస్తాడు. ఒకప్పుడు జాంబాగ్‌లో పూల మార్కెట్ ఉన్నప్పటి నుంచీ ఆయనది ఇదే వ్యాపారం. మార్కెట్ ఇటు తరలితే బండి కూడా వెంట వచ్చింది. సిగరెట్ మాట ఎత్తగానే ఆయన నోట మొదట వచ్చే పేరు చార్మినార్.

ఈ ఊరికి పొగాకుతో ఉన్న బంధం చిన్నది కాదు. 1916లో వజీర్ సుల్తాన్ మొదలుపెట్టిన వ్యాపారం 1930లో కంపెనీ అయింది. ఆజామాబాద్‌లో ఫ్యాక్టరీ లేచింది. నగరానికి గుర్తుగా నిలిచిన కట్టడం పేరు సిగరెట్‌కు పెట్టారు. ఆ పసుపు పెట్టె ఎంత దూరం పోయిందంటే సత్యజిత్ రే సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా కూడా చార్మినారే తాగుతాడు. ఆజామాబాద్ చౌరస్తాను ఇవాళ్టికీ ఆ కంపెనీ పేరుతో వీఎస్‌టీ అనే పిలుస్తాం. ఇందిరా పార్కు నుంచి అక్కడికి వేసిన ఉక్కు వంతెనను 2023 ఆగస్టులో ప్రారంభించి, నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. తెలంగాణ తొలి హోంమంత్రి అయిన నాయిని అంతకుముందు ఆ ఫ్యాక్టరీ కార్మికుల సంఘం నాయకుడు. వేలమందికి అన్నం పెట్టిన ఫ్యాక్టరీ అది. దాన్ని తలుచుకునే హక్కు ఆ కార్మికులకు ఉంది.

"గోడల మీద, డబ్బాల మీద, యాడ జూసినా గదే రంగు," అంటాడు పెద్దాయన. "క్రికెట్ల కూడ గదే పేరు."

నిజమే. 1983లో మనం ప్రపంచ కప్ గెలిచిన కొద్ది నెలలకే వెస్టిండీస్ జట్టు ఇక్కడికొచ్చి ఆడిన వన్డే సిరీస్ పేరు చార్మినార్ ఛాలెంజ్ కప్. 1996 ప్రపంచ కప్ పేరు విల్స్ వరల్డ్ కప్. మన హైదరాబాదీ అజహరుద్దీన్ కెప్టెన్‌గా టాస్‌కు వెళ్లినప్పుడు ఆయన ఛాతీ మీద ఉన్న పేరు కూడా విల్సే. టీవీ ముందు కూర్చున్న పిల్లవాడు తన హీరోను, సిగరెట్ పేరును ఒకేసారి గుండెలో పెట్టుకున్నాడు. ప్రకటనలను నిషేధించే చట్టం రాబోతోందని ప్రభుత్వం చెప్పాక 2001లో విల్స్ సిగరెట్ కంపెనీ ఐటీసీ క్రికెట్ స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది. 2004 మే నుంచి సిగరెట్ ప్రకటనల మీద నిషేధం అమల్లోకి వచ్చింది. దాంతో పెద్ద హోర్డింగులు పోయాయి, పత్రికల వెనక అట్టలు ఖాళీ అయ్యాయి. ఒక్క తలుపు మాత్రం మూయలేదు. పొగాకు అమ్మే దుకాణం దగ్గర బోర్డు పెట్టుకోవచ్చని చట్టంలోనే మినహాయింపు ఇచ్చారు.

ఆరు దాటింది. మార్కెట్లోకి తిరిగి రండి. ఖాళీ అయిన లారీ పక్కన డ్రైవరు పళ్లు తోముకుంటున్నాడు. ఆయనది పొదిలి దగ్గర పల్లె. మీరు పొగాకు గురించి అడుగుతున్నారని తెలియగానే ముఖం మారింది.

"మీరు ఇక్కడ కూర్చుని వద్దంటారండీ. మా నాన్న ఆకు ఆరబెట్టే బ్యారన్ కట్టింది అప్పు తెచ్చి. బేళ్లు తీసుకుని వేలం కేంద్రానికి పోతే నోబిడ్, అంటే కొనేవాళ్లు లేరని పక్కన పెడతారు. పొగాకు మానేస్తే మాకు శనగే దిక్కు. వానలు సరిగా పడకపోతే శనగా లేదు. మా ఇంటి అప్పు మీరు తీరుస్తారా?"

ఆ ప్రశ్నను పక్కకు నెట్టి పోవద్దు. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది. 1984 నుంచి వేలం జరుగుతోంది. ప్రకాశం, నెల్లూరు నేలల్లో, గోదావరి జిల్లాల మెట్టలో వర్జీనియా పొగాకు మీద బతికే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. అందుకే ధర పడిపోతే ప్రభుత్వాలు కదులుతాయి. 2020లో జగన్ ప్రభుత్వం రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దింపి పొగాకు కొనిపించింది. 2025లో బర్లీ పొగాకుకు గిరాకీ లేకపోతే చంద్రబాబు ప్రభుత్వం కూడా మార్క్‌ఫెడ్ ద్వారానే కొంది. ఆ ఏడాది జూన్‌లో జగన్ పొదిలి వేలం కేంద్రానికి వెళ్లి రైతుల మధ్య నిలబడ్డారు. ఒకరి మీద ఒకరు నిప్పులు చెరిగే రెండు పక్షాలు పొగాకు ఆకు దగ్గర మాత్రం ఒకే పని చేశాయి. రైతు కోసం చేశాయి కాబట్టి తప్పు పట్టడానికి లేదు.

షెడ్డు చివర మాలలు కట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చోండి. అరటి నార మీద చామంతిని ఒక్కో పువ్వు పెట్టి ముడి వేస్తున్న ఆమె వేళ్లను దగ్గరగా చూడండి. బొటనవేలు గోరు పక్కన చర్మం గట్టిపడి నల్లబడింది. పూలు కట్టినందుకు అలా అయిందని మీరు అనుకుంటారు.

"బీడీలు చేసి చేసి గట్లయింది," అంటుంది ఆమె. కామారెడ్డి వైపు ఊరు. పెండ్లికి ముందు నుంచే ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మలవాలి. దగ్గు పట్టుకున్నాక మానేసి కొడుకుతో పట్నం వచ్చింది. "గా పని మంచిదని అనను. మంచిది కాదని మా ఆడోళ్లను ఇంట్ల కూసోవెడితె బువ్వెట్ల?"

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిద్దిపేట ఊళ్లలో లక్షల ఇళ్ల పొయ్యి ఈ ఆడవాళ్ల వేళ్ల మీదే వెలిగింది. ప్యాకెట్ మీద పుర్రె గుర్తు వేస్తామన్నప్పుడు వాళ్లు రోడ్డెక్కారు. 2007లో చట్టం సవరించి పుర్రె తప్పనిసరి అన్న మాట తీసేశారు. 2015లో కేసీఆర్ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి మొదలుపెట్టింది. తర్వాత అది 2,016 అయింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్ల పన్నును 40 శాతానికి పెంచాలని, బీడీల పన్నును 28 నుంచి 18కి తగ్గించాలని నిర్ణయించింది. బీడీ చుట్టే వాళ్ల కోసమే తగ్గించామని చెప్పుకోవచ్చు. కానీ బీడీ పొగ సిగరెట్ పొగ కంటే మేలైనదేమీ కాదు. బీడీ తాగేది ఈ హమాలీల్లాంటి బీదవాళ్లే. పన్ను తగ్గించి వాళ్లకు ఇచ్చింది చవక జబ్బు. బీడీ చుట్టే అమ్మకు కావాల్సింది పన్ను రాయితీ కాదు, మరో పని.

ఇప్పుడు లెక్క చూడండి. ఆకు పండించే రైతుకు ఓటుంది, ఆయన కోసం పార్టీలు ఉన్నాయి. బీడీ చుట్టే అమ్మకు ఓటుంది, ఆమె కోసం భృతి వచ్చింది. పన్ను వసూలు చేసే ఖజానా తన సంగతి తాను చూసుకుంటుంది. ప్రభుత్వ రంగంలోని ఎల్ఐసీకి ఐటీసీలో వాటా ఉంది. వీళ్లందరి తరఫునా చట్టసభల్లో గొంతు వినిపించింది. పొగ పీల్చి దగ్గే హమాలీకి కూడా ఓటుంది. ఆయన ఊపిరి గురించి ఏ సభలో ఎంతసేపు మాట్లాడారు?

ఎనిమిదిన్నర. బడి వేళ అయింది. మార్కెట్ నుంచి కాలనీ సందుల్లోకి తిరగండి. జామ్ సింగ్ గుడి గంట వినపడుతోంది. ఆటోలోంచి బ్యాగులతో పిల్లలు దూకుతున్నారు. బడి గేటు దగ్గర నిలబడి వీధి మూల వైపు అడుగులు వేయండి. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని చట్టం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఎక్కడా అమ్మకూడదు. మీ అడుగులు వంద కాకముందే మూల మీద పాన్ డబ్బా వచ్చింది. దాని నెత్తిన ఎర్ర, బంగారు రంగుల్లో పెద్ద పలక. లోపల లైటు పెట్టారేమో, పగలు కూడా మెరుస్తోంది. సిగరెట్ పేరు ఎక్కడా లేదు. ఆ రంగులు ఏ పెట్టెవో తెలియని మనిషి ఈ వీధిలో లేడు.

దుకాణం బోర్డు ఎలా ఉండాలో నిబంధనల్లో స్పష్టంగా రాశారు. 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు దాటకూడదు. బ్రాండు పేరు, పెట్టె బొమ్మ ఉండకూడదు. వెనక నుంచి లైటు వేయకూడదు. ఆ ప్రాంతపు భాషలో హెచ్చరిక ఉండాలి. ఈ నిబంధనలు కూడా ఏళ్ల తరబడి కోర్టు స్టే కింద నలిగి, 2013లో సుప్రీంకోర్టు ఆ స్టే ఎత్తేశాక బతికాయి. పైన రంగుల పలక మెరుస్తోంది. కింద ఒక చేతి ఎత్తులో చాక్లెట్ డబ్బా, దాని పక్కనే మూత తెరిచిన సిగరెట్ పెట్టె. రూపాయి చాక్లెట్ కోసం వచ్చిన ఆరో తరగతి పిల్లవాడి కళ్లు ఆ పెట్టెకు సమానంగా ఉన్నాయి.

పెట్టె మొత్తం కొనడానికి ఏ బడి పిల్లాడి దగ్గరా డబ్బుండదు. ఒక్క సిగరెట్‌కు ఉంటుంది. స్నేహితుడితో పంచుకుంటే సగం ఖర్చే. మనలో చాలామంది ఇళ్లలో పొగ అలవాటు మొదలైంది పెట్టెతో కాదు, ఆ మొదటి ఒక్కదానితోనే. పన్ను ఎంత పెంచినా లూజ్ అమ్మకం ఉన్నంతకాలం అలవాటు మొదలు కావడానికి చిల్లర చాలు.

తొమ్మిదిన్నర. మెహదీపట్నం బస్టాపు. బస్టాపులో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా అని 2008 అక్టోబరు 2 నుంచి నిబంధన ఉంది. మీ పక్క మనిషి సిగరెట్ ముట్టించినా ఎవరూ ఏమీ అనరు. లక్డీకాపూల్ వైపు పోయే బస్సెక్కండి. ఈ మెహదీపట్నానికి పేరిచ్చిన మెహదీ నవాజ్ జంగ్ హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రి, ఆపైన గుజరాత్‌కు తొలి గవర్నర్. బస్సు దిగి రెడ్‌హిల్స్ ఎక్కితే ఆయన పేరే మళ్లీ కనిపిస్తుంది. ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు మీద.

ఓపీ ముందు వరుస గేటు దాకా వచ్చింది. ఆదిలాబాద్ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి రాత్రి బస్సులకు వచ్చినవాళ్లు దుప్పట్లు మడుస్తున్నారు. నోటికి అడ్డంగా కొంగు పెట్టుకున్న ఒక అమ్మకు కూతురు స్పూనుతో జావ పోస్తోంది. సగం జావ పెదవి పక్కనుంచి జారుతోంది. కూతురు తుడుస్తోంది, మళ్లీ పోస్తోంది. ఇంకో మూల ముప్పై ఐదు దాటని మనిషి. దవడ ఒకవైపు లోపలికి పోయింది. మాట రాక కాగితం మీద రాసి తమ్ముడికి చూపిస్తున్నాడు. పాన్ డబ్బా అరలోని పెట్టెల మీద మీరు పొద్దున చూసిన బొమ్మలు ఇలాంటి మనుషులవే.

2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్లలో 17.8 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం. అంటే అక్కడ దాదాపు ఆరుగురిలో ఒకరు, ఇక్కడ ఐదుగురిలో ఒకరు. దేశంలో పొగాకు ఏటా 13 లక్షలకు పైగా ప్రాణాలు తీస్తోంది. ఎమ్మెన్జే వరుస అందులో ఒక చిన్న ముక్క.

చేయడానికి ఏమీ లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2024 ఫిబ్రవరి 12న తెలంగాణ శాసనసభ ఇదే పొగాకు చట్టాన్ని మన రాష్ట్రానికి సవరిస్తూ హుక్కా పార్లర్లను నిషేధించే బిల్లు ఆమోదించింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తరఫున మంత్రి శ్రీధర్ బాబు దాన్ని సభ ముందు పెట్టారు. అదే ఏడాది మే నెలలో గుట్కా మీద నిషేధం ఉత్తర్వు వచ్చింది. హుక్కా బిల్లుతో పొగాకు చట్టంలో చేయి పెట్టే అధికారం మన సభకు ఉందని మన సభే చూపించింది. పక్కనున్న కర్ణాటక ఇంకో అడుగు ముందుకేసింది. 2024లో చేసిన సవరణ 2025 మేలో అమల్లోకి వచ్చింది. అక్కడ ఇప్పుడు లూజ్ సిగరెట్ అమ్మకూడదు. కొనే వయసు 21. బహిరంగ ప్రదేశంలో పొగకు జరిమానా వెయ్యి రూపాయల వరకు. కేంద్రం కూడా లూజ్ అమ్మకాన్ని, దుకాణం ప్రకటనలను ఆపే ముసాయిదాను 2020లో తయారు చేసింది. అది చట్టం కాలేదు.

లూజ్ అమ్మకం ఆపితే పాన్ డబ్బా మూతపడుతుందన్న భయం నిజమైనదే. డబ్బా యజమాని కూడా రోజు గడవాల్సిన మనిషే. అందుకే పొగాకు అమ్మకానికి మున్సిపల్ లైసెన్సు పెట్టి, పొగాకు మానిన డబ్బాలకు చాయ్, పండ్లు, నీళ్లు అమ్ముకునే అనుమతిని, చిన్న అప్పును ముందు ఇవ్వాలి. బీడీ చుట్టే ఆడవాళ్లకు భృతితో పాటు పని నేర్పే ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. పొదిలి రైతుకు శనగ మీద పొగాకుకు తగ్గని భరోసా దక్కాలి. పొగాకు పన్నులో ఒక వాటా ఈ మూడింటికే పోవాలని చట్టంలో రాయాలి. రైతునూ కార్మికురాలినీ అడ్డం పెట్టుకుని కంపెనీలు ఇన్నాళ్లూ కాపాడుకున్నది తమ లాభాన్ని. వాళ్ల బతుకుకు మనం ముందు దారి చూపిస్తే ఆ అడ్డు తొలగిపోతుంది.

ఓటు అడగడానికి వచ్చిన ఎమ్మెల్యేను మీ బడి గేటు దగ్గర నుంచి వంద గజాలు నడిపించండి. మూల మీద డబ్బాను చూపించి, లూజ్ సిగరెట్‌ను నిషేధించే సవరణకు సభలో చేయెత్తుతారా లేదా అని సూటిగా అడగండి. మీ ఇంట్లో మానేయాలనుకునే మనిషి ఉంటే 1800-11-2356కు ఫోన్ చేయించండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు. సిగరెట్ పెట్టె మీద అచ్చు వేసే ఉంటుంది. లూజ్‌గా కొనేవాళ్లకు అది కనిపించదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.